రెండుమార్లు చెప్పే మాట

తాళ్ళ సారు పోయారన్న కబురు వేంపల్లె నుండి ఫోనులో వచ్చింది. గాలిమరల మీద పనిచేసేవాళ్ళకు పొద్దున పాఠం చెప్పి, నీడన కుర్చీ వేసుకుని టీ తాగుతూ, గ్లాసు కింద పెట్టబోయి పక్కకు ఒరిగారట. ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. ఫోను చేసినవాడు ఆయన శిష్యులలో పెద్దవాడు. "అంతంత ఎత్తులెక్కి దిగినాయన, కుర్చీలో కూచోని పోయినారయ్యవారూ" అన్నాడు. నేను ఓదార్పుమాట ఏదో అన్నాను. ఫోను పెట్టేశాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నా బీరువాలో ఉన్న ఆయన నోటుపుస్తకం గుర్తుకు వచ్చింది. ఇక దానిని ఎవరూ అడగరన్న ఊరట కలిగింది. దుఃఖం తర్వాత వచ్చింది, సిగ్గును వెంటబెట్టుకుని. ఈ నాలుగు మాటలూ ఆ సిగ్గుతోనే రాస్తున్నాను.

బేతంచెర్లలో మా ఎదురిల్లే ఆయనది. ఆయన సొంత పేరు పలికేవాళ్ళు ఊళ్ళో తక్కువ. పిల్లలకూ పెద్దలకూ ఆయన తాళ్ళ సారే. ఎత్తున పనిచేసే కూలీ కింద పడకుండా ఎట్లా పనిచేయాలో, గుంతలోనో గోడమీదనో చిక్కుకున్న మనిషిని తాడుతో ఎట్లా బయటికి తీయాలో నేర్పడం ఆయన వృత్తి. యౌవనంలో కరెంటు టవర్ల పనిమీద దేశమంతా తిరిగి, ఈ విద్యను ఎక్కడో కొండల ప్రాంతంలో అభ్యసించి, యాభై దాటాక సొంత ఊరు చేరారు. రాయి తీయడం అయిపోయి వదిలేసిన గనిగుంత ఒకటి ఊరి బయట ఉంది. అదే ఆయన బడి. నేను అదే ఊరి మిషను పాఠశాలలో ముప్పై ఆరేళ్ళు తెలుగు చెప్పాను. మా సంఘంలో పెద్దను. పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారాల్లో వాక్యం చెప్పేదీ నేనే. ఒక వీధిలో ఇద్దరు గురువులు ఉండవచ్చు. అయితే ఆ వీధి వెడల్పుగా ఉండాలి. మాది ఇరుకు.

అసూయను ఆలంకారికులు సంచారిభావమన్నారు. అది వస్తుందట, పోతుందట. నా దగ్గర మాత్రం అది ఇల్లు కట్టుకుని కాపురం పెట్టింది. దానికి పునాది పడిన రోజు కూడా నాకు గుర్తుంది. బస్టాండులో మేమిద్దరం కర్నూలు బస్సు కోసం నిలబడి ఉన్నాము. బండలు తోలే లారీ ఒకటి ఆగి, డ్రైవరు దిగి వచ్చి ఆయన చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. జేబులోంచి తాడుముక్క తీసి, కళ్ళు మూసుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే ముడి వేసి చూపించాడు. నేర్చుకుని ఆరేళ్ళయినా చేతులు మరిచిపోలేదని చెప్పుకుని మురిసిపోయాడు. తర్వాత నావైపు తిరిగి, కాసేపు ఆలోచించి, "మీరు తెలుగు సారు గదా సార్? పద్యం రాలేదని కొట్టినారు నన్ను" అన్నాడు. ఏ పద్యమని అడిగాను. "పద్యం యాడ గుర్తుంటాది సార్, దెబ్బ గుర్తుండాది" అన్నాడు నవ్వుతూ. బస్సు వచ్చేదాకా తాళ్ళ సారు వేరే విషయాలు మాట్లాడారు. అది ఆయన మర్యాద. నాకు ఆ మర్యాద కూడా గిట్టలేదు.

ఆయనకు ఒక అలవాటుండేది. ఎక్కడ తాడు కనిపించినా దానిని వేళ్ళ మధ్య జారనిచ్చేవారు. బట్టలారవేసిన తాడు, ఎద్దు మెడతాడు, చేదతాడు, ఏదైనా సరే. పురి గట్టిపడిన చోట, నలిగిన చోట వేలు ఆగేది. ఆ ఇంటివాళ్ళకు ఒకమాట చెప్పి సాగిపోయేవారు. మా చర్చి గంటతాడు అరిగిందని, మార్చాలని నేను కమిటీకి రెండేళ్ళలో మూడు విన్నపాలు రాశాను. మూడూ చక్కని వాక్యాలే. ఒక ఆదివారం ఆయన ఆ తాడును వేళ్ళతో తడిమి, "ఇది పోతాదప్పా" అన్నారు. మరునాటికి కొత్త తాడు వచ్చింది. గంట మోగినప్పుడల్లా నా విన్నపాలు నాకు గుర్తుకు వచ్చేవి.

అయితే ఇవన్నీ చిన్న గాయాలు. అసలు దెబ్బ నా సొంత పొలంలోనే తగిలింది.

ఒక ఆదివారం నేను, బావిలో బురదలో దిగబడిన ప్రవక్తను రాజుగారి పరిచారకుడొకడు తాళ్ళతో పైకి తీసిన వృత్తాంతం మీద వాక్యం చెప్పాను. అది నాకు ఇష్టమైన ఘట్టం. తాడంటే దయ అన్నాను, బురదంటే లోకం అన్నాను. తాడులో పేనిన ప్రతి పోగుకూ ఒక అర్థం చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. బయట చెప్పుల దగ్గర తాళ్ళ సారు నాకోసం ఆగి ఉన్నారు.

"అయ్యవారూ, శానా బాగా చెప్పినారు. ఆ పాతగుడ్డల సంగతి దాటిచ్చినారే?" అన్నారు.

ఏ గుడ్డలని అడిగాను. ఆ పరిచారకుడు తాళ్ళతోపాటు చినిగిన పాతబట్టలు కూడా కిందికి దించాడని, వాటిని చంకల కింద పెట్టుకుని అప్పుడు తాడు తగిలించుకోమన్నాడని ఆయన వివరించారు. తాడు చంకలో కోసుకుంటే చేతులు మొద్దుబారతాయి. ఎక్కువసేపు వేలాడితే పైకి వచ్చినా మనిషి దక్కడం కష్టం. తన దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే ప్రతి జట్టుకూ, వాళ్ళు ఏ మతంవాళ్ళయినా, మొదటిరోజు ఈ కథే చెప్తానన్నారు. చివరకు ఆయన అన్న మాటను నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తాడు అందరూ ఏస్తారయ్యవారూ. సంకల కింద గుడ్డ పెట్టుకోమని చెప్పినోడే మనిషిని తీసినోడు."

ఇంటికి వెళ్ళి గ్రంథం తెరిచి చూశాను. ఆ పుటలో అంచులన్నీ నా చేతిరాతతో నిండి ఉన్నాయి. నలభై ఏళ్ళ వ్యాఖ్యానం. ఆ పాతగుడ్డల వాక్యం పక్కన మాత్రం తెల్లకాగితం. అది అనవసరపు వివరమని ఇన్నేళ్ళూ దాటిపోయాను. పదో తరగతి కూడా గట్టెక్కని మనిషి నా గ్రంథాన్ని నాకంటే బాగా చదివాడు. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తర్వాతి ఏడాది అదే ఘట్టం మీద మళ్ళీ ప్రసంగించి, ఆ గుడ్డల వివరాన్ని నా పరిశోధనలాగా చెప్పుకున్నాను. ఆయన వెనకవరుసలో కూర్చుని తల ఊపుతూ విన్నారు.

ఇక నోటుపుస్తకం సంగతి. సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసిన బడిపుస్తకం అది. దానిని పట్టుకుని ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. కుర్చీ చూపిస్తే, చేతులకు గ్రీజుందని గడపమీదే కూర్చున్నారు. కోసిగి వైపు నుండి ఏటేటా చలికాలం మొదలవగానే జనం వలసపోతారు. పెద్ద నగరాల్లో కట్టడాల మీద పనిచేస్తారు. పోయేముందు కొందరు ఇక్కడికి వచ్చి ఆయన దగ్గర వారం రోజులు నేర్చుకునేవాళ్ళు.

"ఈ ఏడు పోయినోళ్ళు మళ్ళేడు నాకు కనపడరయ్యవారూ. నేను పోలేని చోట్లకు వాళ్ళు పోతాండారు. నా మాట వాళ్ళ చేతిలో ఉండాల. అచ్చరాల తప్పులు శానా ఉంటాయి, మీరు సరిచేసి ఇయ్యండి" అన్నారు.

ఎదురింటి మనిషి ఎట్టకేలకు నా విద్య కోసం నా గడపకు వచ్చాడని నాకు కలిగిన ఆనందాన్ని ఇప్పుడు తలచుకుంటే తల వంగుతుంది. రెండు వారాలు కూర్చుని సరిచేశాను. 'ముడి గట్టిగుందా చూడు' అని ఆయన రాసినదాన్ని 'గ్రంథి దృఢముగా నున్నదో లేదో పరీక్షింపవలెను' అని మార్చాను. అది చూసి ఆయన గట్టిగా నవ్వారు. "ఇది చదివేలోపల వాడు దిగిపోయింటాడు గదా అయ్యవారూ" అన్నారు. నాకూ నవ్వు వచ్చింది. అట్లాంటివన్నీ వెనక్కి తీసుకున్నాను. కానీ మరొక దిద్దుబాటు ఉంది. ఆయన పనిమాటలన్నింటినీ రెండేసిసార్లు రాశారు. 'పట్టినా. పట్టినా.' 'వాలుతాండా. వాలుతాండా.' 'దించుతాండా. దించుతాండా.' పట్టాను, వాలుతున్నాను, దించుతున్నాను అని పుటల నిండా ఇట్లాగే. చెప్పినదే చెప్పడం దోషమని ముప్పై ఆరేళ్ళు పిల్లల వ్యాసాల్లో నేను కొట్టివేసినట్టే, ప్రతి రెండవమాటనూ కొట్టివేశాను. స్కేలు పెట్టి కొట్టాను. నామీది గౌరవం కొద్దీ ఆయన మళ్ళీ సరిచూసుకోలేదు. నేను కొట్టివేసినవి వదిలి మొదటి పదిపుటలను తిరగరాయించి, నకళ్ళు తీయించి కొత్తజట్టుకు ఇచ్చారు. నేర్పేటప్పుడు వచ్చి చూడమని నన్ను పిలిచారు.

గుంత అంచుకు పదడుగుల ఇవతల సున్నంతో గీత గీసి, దాని వెనక నాకు కుర్చీ వేశారు. దిగబోయే మనిషికి రెండు తాళ్ళు కట్టారు. ఒకటి బరువు మోసేది. రెండవది అది తప్పితే ఆపేది. మొదటి తాడు ఒక రాళ్ళ పనివాడి చేతిలో, రెండవది సారు చేతిలో ఉన్నాయి. దిగేవాడు అంచున నిలబడి, నా పుటల్లో చదువుకున్నట్టే, "వాలుతాండా" అన్నాడు. వెంటనే వెనక్కి వాలాడు. తాడు పట్టినవాడు ఇంకా చేతితొడుగు సరిచేసుకుంటున్నాడు. తాడు వదులుగా జారింది. మనిషి మూరెడు పడ్డాడు. రెండవ తాడు బిగుసుకుని ఆగాడు.

రాయి గీచిన శబ్దం ఒకటి విన్నాను. తర్వాత సారు గొంతు, ఏ తొందరా లేకుండా: "ఏమప్పా, ఉండావా?"

"ఉండా సార్" అని కిందనుండి సన్నగా వినిపించింది.

మోకాలు గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. పైకి తీసి నీళ్ళు తాగించాక, ఆ మాటను తిరిగి ఎందుకు అనలేదని తాడు పట్టినవాణ్ణి సారు అడిగారు. కాగితంలో లేదు గదా సార్ అని అతను కాగితం ఇచ్చాడు. సారు దానిని చాలాసేపు చూశారు. అప్పటికి నాకు అర్థమైంది. దిగేవాడు ఒకమాట అనాలి. తాడు పట్టినవాడు అదే మాట తిరిగి అనాలి. అది చెవిన పడ్డాకనే మొదటివాడు వాలాలి. ఎవరు ఏది అంటారో రాయవలసిన అవసరం ఆయనకు తోచలేదు. తెలిసినవాడికి అది రోజూ పీల్చే గాలివంటిది. నేను కొట్టివేసింది పునరుక్తి కాదు, బదులు.

జట్టంతా ఆయన ముఖమే చూస్తోంది.

"తప్పు నాదప్పా. రాసేటప్పుడు నేనే పోగొట్టినా" అన్నారు ఆయన. "రెండోమాట ఇనపడనిది ఎవురూ వాలొద్దు."

నావైపు చూడలేదు. ఇంటిదారిలో కూడా నిందించలేదు. సగం దూరం వచ్చాక మాత్రం, "ఒగడు చెప్తే అది మాటే అయ్యవారూ. రెండోవాడు తిరిగి చెప్తేనే తాడు. మీకు తెలీదని నేను తెలుసుకోవాల్సింది" అన్నారు. పుస్తకం మళ్ళీ నాకే ఇచ్చి, తీరికగా చూడమన్నారు.

ఆయన నన్ను పదిమందిలో తిట్టి ఉంటే ఆ రోజుతో నా అసూయ తీరిపోయేదేమో. విద్యలో ఓడిపోతే సర్దుకోవచ్చు. క్షమలో కూడా ఓడిపోయాను. ఆ ఓటమికి ప్రతీకారంగా, పాఠకులు నమ్మినా నమ్మకపోయినా, ఆ పుస్తకాన్ని తొమ్మిది నెలలు బీరువాలో ఉంచాను. సరిచేస్తున్నానన్నాను, కంటిలో పొర వస్తోందన్నాను. ఆయన ఒక్కసారి కూడా పుస్తకం పేరెత్తి అడగలేదు. ఆదివారం చర్చి మెట్ల దగ్గర, "కండ్లు బాగుండాయా అయ్యవారూ?" అని మాత్రం అడిగేవారు. బాగవుతున్నాయనేవాణ్ణి. ఒకరోజు ఈ సంభాషణ విన్న నా భార్య ఇంటికి వచ్చాక, "మీ కండ్లకొచ్చింది పొర గాదు, కడుపుమంట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చలికాలం కోసిగివాళ్ళు పుస్తకం లేకుండానే వలసపోయారు. ఏ ఊళ్ళో, ఎన్ని అంతస్తుల మీద, ఎవరు వాలారో, వాళ్ళకు ఎవరైనా బదులు పలికారో లేదో నాకు తెలియదు. అడిగి తెలుసుకునే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

వేంపల్లె నుండి ఆయనను తెచ్చిన రోజున మా సమాధుల తోటలో చోటు చాలలేదు. బండల లారీలు రోడ్డు పక్కన నిలిచిపోయాయి. ఎన్నో భూస్థాపనలు దగ్గరుండి జరిపించినవాణ్ణి నేను. పెట్టె దించేటప్పుడు నలుగురిలో ఒకడు ముందు వదులుతాడు, ఒకడు వెనకపడతాడు, పెట్టె ఒరుగుతుంది, ఆడవాళ్ళు కేక వేస్తారు. ఎప్పుడూ జరిగేది అదే. ఆ రోజు శిష్యులు ముందుగా గోనెసంచులు మడిచి, తాళ్ళు ఆనే చోట గుంత అంచున పరిచారు. పెద్ద శిష్యుడు "పట్టినా" అన్నాడు. ఎదుటివాడు "పట్టినా" అన్నాడు. "దించుతాండా." "దించుతాండా." నిండుబిందె నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి మెట్లు దిగినట్టు పెట్టె దిగింది. నేను చదవవలసిన వాక్యాలు చదివాను. ఎవరైనా విన్నారో లేదో తెలియదు. నా పెట్టె తప్పకుండా ఒరుగుతుందని ఆ సమయంలోనే ఒక ఆలోచన వచ్చింది. దాచి ఏం లాభం, వచ్చింది.

ఇంటికి వచ్చి బీరువా తీశాను. నా గీతలు ఎంత సూటిగా ఉన్నాయంటే, వాటి కింద ఆయన అక్షరాలు చెక్కుచెదరకుండా కనిపిస్తున్నాయి. మూడు వారాలు కూర్చుని మొత్తం తిరగరాశాను. ప్రతి రెండవమాటనూ దాని చోట పెట్టి, ఏది ఎవరు పలకాలో పక్కన రాశాను. ముందుమాటగా ఆయనమీద ఒక పద్యం కూడా అల్లాను. చదువుకుంటే అందులో ఆయనకంటే నా సమాసాలే ఎక్కువ కనిపించాయి, చింపేశాను. నేనిచ్చిన ప్రతిని అచ్చు వేయించే పనిలో ఉన్న పెద్ద శిష్యుడు ఫోను చేసి, నా పేరు కూడా వేయాలా అని అడిగాడు. వేయమని నాలుక చివరిదాకా వచ్చింది. వద్దన్నాను. వద్దన్నందుకు మెచ్చుకుంటాడేమోనని క్షణంసేపు ఎదురుచూశాను కూడా. సరేనని పెట్టేశాడు.

మొన్న పుస్తకాలు వచ్చాయి. కోసిగి నుండి కొత్తజట్టు దిగింది. గుంత దగ్గరికి నేనూ వెళ్ళాను. జట్టులో చదువు వచ్చినది ఒకామె మాత్రమే. ముప్పై ఏళ్ళుంటాయి. చీరకింద ప్యాంటు, పైన మగవాళ్ళ చొక్కా, దానిమీద బెల్టు బిగించుకుని, తనవాళ్ళకు పుస్తకం చదివి వినిపిస్తోంది. నాలుగు పుటలయ్యాక ఆగి, దగ్గరున్న నన్ను అడిగింది.

"ఏం తాతా, ఒగ మాటనే ఇన్నిసార్లు రాసిండారు? ఒగసారి చాలదా?"

"చాలదమ్మా" అన్నాను. ఎందుకు చాలదో చెప్పాను. ఒకాయన మూరెడు పడిన సంగతి చెప్పాను. కాగితంలో ఆ మాటను పోగొట్టినది ఎవరో కూడా చెప్పాను. జట్టంతా ఒక్కసారి నన్ను చూసింది. ఆమె మాత్రం పుస్తకంలో వేలు పెట్టి, ఆ పుటను మరొకసారి చూసుకుంది.

"అయితే నువ్వు గూడా తాళ్ళ సారు దగ్గర నేర్చుకున్నోడివేనా?" అంది.

నలభై ఏళ్ళుగా నన్ను అందరూ అయ్యవారనో సారనో పిలిచారు. ఇట్లాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

"అవునమ్మా, నేర్చుకున్నాను" అన్నాను.

ఆమె తలాడించి, పుస్తకాన్ని పక్కవాడి చేతికిచ్చి, సున్నపు గీత దాటి అంచుకు వెళ్ళింది. పెద్ద శిష్యుడు ఆమె ముడి చూశాడు. కిందంతా పసుపువన్నె రాయి, అడుగున కొంచెం ఆకుపచ్చ నీళ్ళు. ఆమె వీపు గుంతవైపు పెట్టి నిలబడి, "వాలుతాండా" అంది. తాడు పట్టినవాడు "వాలుతాండా" అన్నాడు. ఎదుటి రాతిగోడ ఆ మాటను అందుకుని, కాస్త ఆలస్యంగా, మూడోసారి పలికింది.

అప్పుడు ఆమె వెనక్కి వాలింది.